వాహన సంరక్షణ: ఆగి ఉన్న బండిలో ఆగని ఖర్చు



గత సంచికలో బ్రేకులను గురించి ముచ్చటించుకున్నాము. పిల్లల పరీక్షలు ముగియగానే మన కాలనీలో ఎల్.టి.సి. ప్రయాణాలు మొదలవుతాయి. రైలు టిక్కెట్లు చేతికి రాగానే క్వార్టర్ల ముందు కార్లు ముసుగులు కప్పుకొని వారం, పది రోజులు, ఒక్కొక్కసారి నెల రోజులు కూడా కదలక నిలిచిపోతాయి. అట్టి సమయంలో యజమాని విశ్రాంతి తీసుకుంటాడే గాని, బండిలోని బ్యాటరీకి విశ్రాంతి లేదు. అందుచేత ఈ నెల బ్యాటరీని గురించి వ్రాయ సంకల్పించాను. అందుకు మరొక కారణం కూడా ఉన్నది. అది చెప్పుకొనుటకు కొంచెం సిగ్గుగానే ఉన్నా, చెప్పక తప్పదు.

అర్ధరాత్రి నేర్చిన పాఠం

గత వేసవిలో మా అమ్మాయి ఇంటికి వెళ్ళి వారం రోజుల తరువాత ఒక సాయంత్రం తిరిగి వచ్చాము. ఆ రాత్రి సుమారు రెండున్నర గంటల వేళ తలుపు తట్టిన చప్పుడైనది. పక్క క్వార్టరులోని సోదర ఉద్యోగి నిలబడి ఉన్నాడు. "అన్నగారూ, నాన్నగారికి ఊపిరి ఆడటం లేదు, అంబులెన్సు ఇంకొక పేషెంటును తీసుకొని టౌనుకు వెళ్ళిందట, కొంచెం కారు తీయండి" అన్నాడు. నేను చొక్కా అయినా సరిగా తొడుక్కోకుండా తాళంచెవి తీసుకొని పరుగెత్తాను. పెద్దాయనను ఇద్దరము పట్టుకొని వెనుక సీటులో కూర్చోబెట్టాము. తాళంచెవి తిప్పాను. డాష్‌బోర్డు మీది దీపాలు మిణుకుమన్నాయి. ఇంజను గదిలో "టక్కు, టక్కు" మని చప్పుడు వచ్చింది. అంతే. మరల తిప్పాను. ఆ చప్పుడు కూడా సన్నబడినది.

చివరకు వెనుక వీధిలోని మరొక మిత్రుని నిద్ర లేపి, పెద్దాయనను ఆయన కారులోనికి మార్చి ఆసుపత్రికి చేర్చేసరికి ఇరవై అయిదు నిమిషాలు వృథా అయినవి. దైవకృప వలన ఆయన కోలుకొన్నారు. అయితే ఆసుపత్రి వరండాలో ఆ అబ్బాయి నన్ను ఒక్క మాట కూడా అనకుండా నిలబడి ఉన్న తీరు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్లున్నది.

తెల్లవారిన తరువాత మా శ్రీమతి కాఫీ గ్లాసు అందిస్తూ ఇట్లా అన్నది: "ముప్పై ఏళ్ళుగా ఆఫీసు బ్యాటరీకి పూటపూటా నాడి చూసి పుస్తకంలో వ్రాస్తున్నారు గదా! ఇంటి బ్యాటరీ మొహం ఎన్నడైనా చూశారా?" ఆ మాటకు నా వద్ద సమాధానం లేదు.

మన బ్యాటరీ గదిలో జరుగుతున్నదేమి?

విద్యుత్ నిర్వహణ విభాగంలోని మిత్రులకు ఇది కొత్త కాదు గాని, కుటుంబ సభ్యుల కోసం చెబుతున్నాను. విద్యుత్ కేంద్రంలో కంట్రోల్ రూముకు చేరువలో బ్యాటరీ గది ఉంటుంది. అందులో రెండేసి వోల్టుల సెల్లులను వందకు పైగా వరుసగా కలిపి 220 వోల్టుల బ్యాటరీగా ఏర్పాటు చేస్తారు. కేంద్రంలో ఎ.సి. సరఫరా పూర్తిగా పోయిన క్షణాన రక్షణ రిలేలు పనిచేయుటకు, అత్యవసర దీపాలు వెలుగుటకు, తిరుగుతున్న టర్బైను బేరింగులకు నూనె అందించే అత్యవసర పంపు నడుచుటకు ఆ బ్యాటరీయే ఆధారం. ఏడాదిలో బహుశా ఒక్కసారి కూడా దాని అవసరం రాకపోవచ్చు. కాని వచ్చిన నాడు అది సిద్ధంగా లేకపోతే కోట్ల విలువైన యంత్రం పాడవుతుంది.

ఆ కారణం చేతనే దానిని ఎల్లవేళలా "ఫ్లోట్ చార్జి" మీద ఉంచుతారు. అంటే ఒక్కొక్క సెల్లుకు సుమారు 2.2 నుండి 2.25 వోల్టుల చొప్పున సన్నని ధారగా చార్జి అందుతూనే ఉంటుంది. దానంతట అది కోల్పోయిన శక్తి ఎప్పటికప్పుడు భర్తీ అవుతుంది. ఎంచుకున్న సెల్లుల వోల్టేజీని, ద్రావకపు విశిష్ట గురుత్వాన్ని క్రమం తప్పక పుస్తకంలో నమోదు చేస్తారు.

మన కారులోని బ్యాటరీ కూడా అదే జాతికి చెందినది. అయితే దానికి ఫ్లోట్ చార్జరు లేదు, పుస్తకమూ లేదు. ఇంజను ఆగిన మరుక్షణం నుండి అది ఒంటరి. తేడా అంతా ఇక్కడే ఉన్నది.

బ్యాటరీ స్వభావం

సీసం–ఆమ్లం బ్యాటరీని ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటె 1859లో కనిపెట్టాడు. వాహనానికి మాత్రం అది ప్రాణాధారమైనది 1911 తరువాత. ఆ సంవత్సరం అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ విద్యుత్ స్టార్టరును సిద్ధం చేయగా, 1912 నమూనా కాడిలాక్ కార్లలో అది అమరినది. అంతకుముందు ఇనుప హ్యాండిలును చేతితో తిప్పి ఇంజనును లేపేవారు. ఆ హ్యాండిలు ఎదురు తన్ని చేయి విరిగిన వారు ఎందరో.

బ్యాటరీలో ఆరు సెల్లులు ఉంటాయి. ప్రతి సెల్లులోను సీసపు డయాక్సైడు పలకలు, మెత్తని సీసపు పలకలు సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మునిగి ఉంటాయి. కరెంటు వాడుకొన్నప్పుడు రెండు రకాల పలకల మీద సీసపు సల్ఫేటు ఏర్పడి, ఆమ్లం పలుచనై నీరు పెరుగుతుంది. చార్జి చేసినప్పుడు ఇదంతా తిరిగి మొదటి స్థితికి వస్తుంది. అయితే డిశ్చార్జి అయిన బ్యాటరీని అట్లాగే రోజుల తరబడి వదిలివేస్తే ఆ సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా మారి తిరిగి కరగదు. దీనినే సల్ఫేషన్ అంటారు. కనుక బ్యాటరీ ఒకసారి పూర్తిగా దిగిపోవుట ఆ పూటతో తీరిపోయే ఇబ్బంది కాదు. ప్రతిసారీ దాని ఆయుర్దాయంలో కొంత భాగం శాశ్వతంగా పోతుంది.

ఆగి ఉన్న బండిలో ఎవరు తింటున్నారు?

వెనుకటి అంబాసిడర్, ఫియట్ కార్లలో తాళంచెవి తీసివేస్తే బ్యాటరీ మీద దాదాపు ఏ భారమూ ఉండేది కాదు. నేటి కారు అట్లా కాదు. ఇంజనును నియంత్రించే కంప్యూటరు తన జ్ఞాపకాలను నిలుపుకోవలెను. దొంగల అలారము మేలుకొని ఉండవలెను. రిమోటు తాళం కోసం రిసీవరు చెవి ఒగ్గి ఉండవలెను. గడియారము, రేడియో, కొన్ని కార్లలో మొబైల్ నెట్‌వర్క్ ద్వారా కంపెనీతో మాట్లాడే పరికరము, ఇవన్నీ తలా కొంచెం కరెంటు తీసుకుంటాయి. ఆరోగ్యంగా ఉన్న కారులో ఈ మొత్తం సాధారణంగా 20 నుండి 50 మిల్లీ ఆంపియర్లకు మించదు.

ఇక్కడ చిన్న లెక్క వేసుకొందాము. మన చిన్న పెట్రోలు కార్లలో చాలా వాటికి 35 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఉంటుంది. ఆగి ఉన్నప్పుడు 30 మిల్లీ ఆంపియర్లు ఖర్చయితే రోజుకు 0.72 ఆంపియర్-అవర్లు పోతాయి. వారానికి అయిదు, నెలకు సుమారు ఇరవై రెండు. 50 మిల్లీ ఆంపియర్లయితే నెలకు 36. అంటే కొత్త బ్యాటరీ అయినా నెల తిరిగేసరికి ఖాళీ. 2020 మార్చి 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్ అమలైనప్పుడు ఎన్నో వాహనాలు మూలుగుట కూడా మానివేయడానికి కారణం ఈ చిన్న ఖర్చే.

ఇక మా ఇంటి సంగతి. ఆ మరునాడు మీటరు పెట్టి చూడగా కారు స్వంత ఖర్చు 30 మిల్లీ ఆంపియర్లు ఉన్నది. దానికి తోడు మరొక 110 మిల్లీ ఆంపియర్లు ఎక్కడికో పోతున్నవి. ప్రయాణానికి ముందు రోజు, మా అల్లుడు బహుమతిగా ఇచ్చిన డాష్‌బోర్డు కెమెరాను ఒక దుకాణంలో అమర్పించాను. తాళంచెవి తిప్పితేనే కరెంటు వచ్చే తీగకు గాక, ఎల్లప్పుడూ కరెంటు ఉండే తీగకు దానిని కలిపారు. నేను అడగలేదు, వారు చెప్పలేదు. మొత్తం 140 మిల్లీ ఆంపియర్లంటే రోజుకు 3.36 ఆంపియర్-అవర్లు, ఏడు రోజులకు ఇరవై మూడున్నర. నాలుగవ ఏడు నడుస్తున్న బ్యాటరీకి 35 మొత్తం ఎక్కడ మిగిలి ఉంటుంది? కెమెరా లేకపోతే ఆ ఏడు రోజులలో పోయేది అయిదు మాత్రమే. బండి నిక్షేపంగా స్టార్ట్ అయ్యేది.

ఇతర దొంగలు కూడా ఉన్నారు. డిక్కీ సరిగా మూతపడక లోపలి 5 వాట్ల దీపం వెలుగుతూ ఉంటే రోజుకు పది ఆంపియర్-అవర్లు పోతాయి. అంటే మూడు రోజుల చిల్లరలో 35 ఖాళీ. 55 వాట్ల హెడ్‌లైట్లు రెండు వెలుగుతూ ఉండిపోతే గంటకు తొమ్మిది చొప్పున రెండు గంటలలోనే సగం హరించిపోతుంది. స్టీరింగు క్రింది సాకెట్టుకు తగిలించే చిన్న ట్రాకింగు పరికరాలు, ఫోను చార్జర్లు, అంటుకుపోయిన రిలేలు, డోరు స్విచ్చి పాడై ఆరని లోపలి దీపం, ఇవన్నీ ఆ కోవలోనివే.

బటను నొక్కి స్టార్టు చేసే కార్లు గలవారు మరొక విషయం గమనించవలెను. ఈ కార్లలో కంప్యూటర్లు తాళం వేసిన వెంటనే నిద్రపోవు. కొన్నింటికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. తాళంచెవిని కారుకు అతి సమీపంలో, ఉదాహరణకు గోడకు ఆవలి పక్కనే ఉన్న మేకుకు తగిలిస్తే, కొన్ని కార్లు దానిని పసిగట్టి మాటిమాటికి మేలుకొంటాయి. తాళంచెవిని లోపలి గదిలో ఉంచుట మేలు.

ఎండ అనే శత్రువు

చలిదేశాల పుస్తకాలు చదివిన వారు శీతాకాలమే బ్యాటరీకి గండమని అనుకుంటారు. చలిలో దాని బలం తగ్గుట నిజమే. కాని మన ప్రాంతంలో దాని ప్రాణం తీసేది ఎండ. వేడికి ద్రావకంలోని నీరు తగ్గుతుంది, లోపలి సీసపు చట్రం త్వరగా తినివేయబడుతుంది, దానంతట అది చార్జి కోల్పోయే వేగము హెచ్చుతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఈ స్వయం నష్టం ఇంచుమించు రెట్టింపు అవుతుందని ఇంజనీర్లు వాడే మోటు లెక్క. రామగుండం, కొత్తగూడెం, విజయవాడ వంటి చోట్ల మే నెల మధ్యాహ్నం ఆరుబయట నిలిపిన కారు బానెట్టు క్రింద ఎంత వేడి ఉంటుందో వేరుగా చెప్పనక్కరలేదు. కనుక చెట్టు నీడగాని, షెడ్డుగాని దొరికితే బండి రంగు కంటె ముందు బ్యాటరీ సంతోషిస్తుంది.

చిన్న ప్రయాణాల సంగతి

"రోజూ డ్యూటీకి కారులోనే వెళుతున్నాను, అయినా బ్యాటరీ దిగిపోతున్నదేమి?" అని చాలామంది అడుగుతుంటారు. స్టార్టు చేసే ఖర్చు ఎక్కువని వారి భావన. నిజానికి అది తక్కువే. స్టార్టరు 150 ఆంపియర్లు రెండు సెకండ్లు తీసుకున్నదనుకొంటే అది 0.1 ఆంపియర్-అవరు కూడా కాదు. ఆల్టర్నేటరు ఒకటి రెండు నిమిషాలలో దానిని తీర్చివేస్తుంది. అసలు బాకీ మిగిలిన ఇరవై మూడున్నర గంటల నిలుపుదలలో పేరుకొంటుంది.

క్వార్టరు నుండి ప్లాంటుకు ఎనిమిది నిమిషాలు, తిరుగు ప్రయాణం ఎనిమిది నిమిషాలు. ఈ పదహారు నిమిషాలలో ఎ.సి. ఫ్యాను, దీపాలు పోగా బ్యాటరీలోనికి సుమారు 5 ఆంపియర్లు వెళుతున్నవనుకొందాము. రోజుకు జమ 1.3 ఆంపియర్-అవర్లు. ఆరోగ్యంగా ఉన్న కారు ఖర్చు 0.72 గనుక సరిపోతుంది. నా కెమెరా వంటిది తోడైతే ఖర్చు 3.36. రోజుకు రెండు చొప్పున అప్పు. ఊరికి వెళ్ళకపోయినా రెండు వారాలలో నా బండి ఎట్లాగూ మొరాయించి ఉండేదన్నమాట.

వారానికొకసారి అయిదు నిమిషాలు ఇంటి ముందే ఇంజను తిప్పి ఆపివేసే అలవాటు కొందరికి ఉన్నది. దాని వలన ప్రయోజనం స్వల్పం. దానికంటె ముప్పై, నలభై నిమిషాలు బండిని రోడ్డు మీద నడుపుట మంచిది. మూసిన షెడ్డులో ఇంజను నడుపుట మాత్రం ఎన్నడూ తగదు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడు ప్రాణాంతకం.

నాడి చూచుట ఎట్లా?

ఒక సాధారణ మల్టీమీటరు చాలు. రాత్రంతా ఆగి ఉన్న బండిలో ఉదయాన్నే బ్యాటరీ రెండు ధ్రువాల మధ్య వోల్టేజీ చూడవలెను. సుమారుగా:

12.6 వోల్టులు, ఆపైన – నిండుగా ఉన్నది.
12.4 వోల్టులు – ముప్పాతిక.
12.2 వోల్టులు – సగం. వెంటనే చార్జి చేయించవలెను.
12.0 వోల్టులు – పాతిక. స్టార్టు అగుట సందేహమే.

ఇంజను నడుస్తుండగా చూస్తే సాధారణంగా 13.5 నుండి 14.7 వోల్టుల మధ్య ఉండవలెను. 13 కంటె తక్కువగానే నిలిచిపోతే ఆల్టర్నేటరును, దాని బెల్టును అనుమానించవలెను. 15 దాటితే రెగ్యులేటరు దోషం, బ్యాటరీ ఉడికిపోతుంది. కొన్ని కొత్త కార్లలో కంప్యూటరే చార్జింగును హెచ్చించి తగ్గిస్తుంది గనుక ఒక్కసారి చూచిన అంకెతో తీర్పు చెప్పరాదు.

దొంగ ఖర్చును పట్టుకొనుటకు ఋణ ధ్రువపు తీగను ఊడదీసి, మీటరును 10 ఆంపియర్ల సాకెట్టులో పెట్టి, ఆ తీగకు ధ్రువానికి మధ్య కలపవలెను. బండికి తాళం వేసి అర్ధగంట ఆగి అంకె చూడవలెను. 50 మిల్లీ ఆంపియర్లకు బాగా మించి ఉంటే ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీస్తూ పోవలెను. ఏ ఫ్యూజు తీసినప్పుడు అంకె దిగుతుందో ఆ దారిలోనే దొంగ ఉన్నాడు. మీటరు కలిపి ఉండగా ఇంజనును స్టార్టు చేయరాదు, మీటరు కాలిపోతుంది. ఈ పని తెలియని వారు విశ్వాసపాత్రుడైన ఆటో ఎలక్ట్రీషియన్ చేత చేయించుకొనగలరు.

ఊరికి వెళ్ళే ముందు

ఒక వారం లోపు ప్రయాణమైతే బ్యాటరీ నిండుగా ఉన్నదో లేదో చూచుకొని, అదనపు పరికరాలన్నీ ఊడదీసి, తలుపులు, డిక్కీ సరిగా మూసిన చాలును.

రెండు మూడు వారాలు దాటితే రెండు మార్గాలు గలవు. మొదటిది, ఋణ ధ్రువపు తీగను ఊడదీయుట. తీసేటప్పుడు మొదట ఋణం, కలిపేటప్పుడు చివర ఋణం. ఈ క్రమాన్ని తప్పరాదు. ధన ధ్రువాన్ని ముందు విప్పబోతే స్పానరు కారు బాడీకి తగిలి షార్టు అయ్యే ప్రమాదం ఉన్నది. తీగ తీసిన తరువాత అలారం పనిచేయదు, రిమోటు పనిచేయదు, గడియారము, రేడియో, కిటికీ అద్దాల అమరికలు మరల చేసుకోవలసి రావచ్చును. అందుచేత ముందుగా యజమాని పుస్తకం చూచి, తాళంచెవితో చేతి తాళం తెరుచుకొనుచున్నదో లేదో పరీక్షించుకొనవలెను.

రెండవది, తనంతట తాను సర్దుకొనే ఫ్లోట్ చార్జరు. మన బ్యాటరీ గదిలోని సూత్రమే ఇది. ఒక్కొక్క సెల్లుకు 2.25 చొప్పున ఆరు సెల్లులకు 13.5 వోల్టులు. మామూలు చార్జరుతో చార్జి చేసేవారు బ్యాటరీ సామర్థ్యంలో పదవ వంతు కరెంటుకు మించనీయరాదు. 35 ఆంపియర్-అవర్లకు 3.5 ఆంపియర్లు. గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా చేయవలెను. చార్జి అయ్యేటప్పుడు వెలువడే హైడ్రోజన్ చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. మన బ్యాటరీ గదిలో ఎగ్జాస్టు ఫ్యాను ఉన్నది అందుకే.

మూతలు గల బ్యాటరీలో ద్రావకం గుర్తు కంటె తగ్గితే స్వేదన జలం మాత్రమే పోయవలెను. కుళాయి నీరు, ఆమ్లము పోయరాదు. ధ్రువాల మీద తెల్లని, పచ్చని పొడి చేరితే తినే సోడా కలిపిన గోరువెచ్చని నీటితో కడిగి, ఆరిన తరువాత వేజిలిన్ పూయవలెను. ఆ నీరు సెల్లులలోనికి పోకుండా జాగ్రత్త వహించవలెను.

స్కూటర్లు, విద్యుత్ కార్లు

2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.–6 ప్రమాణాలు వచ్చిన తరువాత చాలా ద్విచక్ర వాహనాలలో కార్బ్యురేటరు పోయి ఫ్యూయల్ ఇంజక్షన్ వచ్చినది. ఎన్నింటికో కిక్కు కూడా లేదు. వెనుకటి స్కూటరు బ్యాటరీ చచ్చినా కిక్కుతో లేచేది. నేటి బండికి పెట్రోలు పంపు తిరగాలన్నా, కంప్యూటరు పనిచేయాలన్నా బ్యాటరీ కావలెను. పైగా ఆ బ్యాటరీ నాలుగైదు ఆంపియర్-అవర్లదే. 20 మిల్లీ ఆంపియర్లు తీసుకొనే ట్రాకరు ఒకటి పెడితే నాలుగు ఆంపియర్-అవర్లు ఎనిమిది రోజులకే చెల్లు.

విద్యుత్ కారు కొన్నవారు తమకు ఈ బెడద లేదనుకుంటే పొరపాటు. చక్రాలను త్రిప్పే పెద్ద బ్యాటరీతో పాటు దానిలోను 12 వోల్టుల చిన్న బ్యాటరీ సాధారణంగా ఉంటుంది. తలుపుల తాళాలు, కంప్యూటర్లు, పెద్ద బ్యాటరీని కలిపే స్విచ్చులు దీని మీదనే ఆధారపడతాయి. చిన్నది చచ్చిననాడు పెద్దది నిండుగా ఉన్నా బండి మేలుకొనదు. ఏనుగుకు మావటి లేనట్లే!

బండి మొరాయించినప్పుడు

జంపరు కేబుళ్ళ జత ప్రతి కారులోను ఉండదగినది. రెండు బండ్లూ ఒకదానికొకటి తగలకుండా నిలిపి, రెండింటి ఇంజనులు ఆపి, ఈ క్రమంలో కలపవలెను. మొదట ఎర్ర కేబులు ఒక కొస దిగిపోయిన బ్యాటరీ ధన ధ్రువానికి, రెండవ కొస మంచి బ్యాటరీ ధన ధ్రువానికి. తరువాత నల్ల కేబులు ఒక కొస మంచి బ్యాటరీ ఋణ ధ్రువానికి, చివరి కొస దిగిపోయిన బండి ఇంజను మీద రంగు లేని లోహభాగానికి, బ్యాటరీకి దూరంగా. చివరి కొస కలిపినప్పుడు నిప్పురవ్వ వస్తుంది. అది బ్యాటరీ దగ్గర రారాదనే ఈ నియమం. మంచి బండిని స్టార్టు చేసి కొన్ని నిమిషాలు ఆగి రెండవ దానిని స్టార్టు చేయవలెను. తీసేటప్పుడు ఇదే క్రమాన్ని వెనుక నుండి పాటించవలెను. ఎరుపు, నలుపు తారుమారైతే కంప్యూటర్లు కాలిపోతాయి. తొందరలోనే ఈ తప్పు జరుగుతుంది గనుక ఒకరు కలుపుతుంటే మరొకరు పైకి చదివి చెప్పుట మంచిది.

బండిని తోసి స్టార్టు చేయుట చేతి గేర్ల కార్లకే సాధ్యం. ఆటోమేటిక్ గేర్ల కార్లకు తగదు. బ్యాటరీ బొత్తిగా చచ్చిన కొత్త కారు తోసినా లేవకపోవచ్చు.

బ్యాటరీ మార్చవలసి వచ్చినప్పుడు, సిగ్నలు వద్ద తనంతట తాను ఆగి లేచే కార్లకు వాటి కోసం తయారైన రకాన్నే వేయవలెను. చవకని మామూలు బ్యాటరీ వేస్తే త్వరగా పోతుంది. పాత దానిని పాత సామానుల వానికి ఇవ్వక దుకాణంలోనే తిరిగి అప్పగించవలెను. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు వాడిన బ్యాటరీలు సక్రమమైన రీసైక్లింగుకు చేరాలనే ఉద్దేశించినవి. సీసం చిన్నపిల్లల మెదడుకు కీడు చేస్తుంది. సందులో పగలగొట్టిన బ్యాటరీ ఆమ్లం, సీసం ఎవరి పిల్లల ఆటస్థలంలోనికి పోతాయో ఆలోచించవలెను.

పాఠకుల సందేహాలు

ప్రశ్న: బ్యాటరీని సిమెంటు నేల మీద పెడితే చార్జి దిగిపోతుందంటారు. నిజమా?
జవాబు: చెక్క పెట్టెలతో బ్యాటరీలు చేసిన పాతకాలపు మాట అది. నేటి ప్లాస్టిక్ పెట్టెకు నేల వలన నష్టం లేదు. ఎక్కడ పెట్టినా తనంతట తాను కొంత దిగుట సహజం.

ప్రశ్న: అద్దానికి అంటించిన ఫాస్టాగ్ బ్యాటరీని తింటుందా?
జవాబు: తినదు. దానికి కారు కరెంటుతో సంబంధం లేదు. టోల్‌గేటు వద్ద రీడరు పంపే రేడియో తరంగాల శక్తితోనే అది జవాబు చెబుతుంది.

ప్రశ్న: బ్యాటరీ మీది చిన్న కన్ను ఆకుపచ్చగానే ఉన్నది. అయినా కారు లేవడం లేదు.
జవాబు: ఆ కన్ను ఆరింటిలో ఒక్క సెల్లు స్థితినే చెబుతుంది. మిగిలిన అయిదింటిలో ఒకటి పాడై ఉండవచ్చు. ధ్రువాల బిగింపు కూడా చూడండి.

ముగించే ముందు ఒక్క మాట. ఆ రాత్రి తరువాత మా ఇంటి క్యాలెండరు పక్కన ఒక చిన్న నోటు పుస్తకం వేలాడుతున్నది. ప్రతి ఆదివారం ఉదయం మా శ్రీమతి మీటరు పట్టుకొని అంకె చదువుతుంది, నేను వ్రాస్తాను. కెమెరా తీగ ఇప్పుడు తాళంచెవి వెంట నడిచే ఫ్యూజుకు మారినది. పక్కింటి పెద్దాయన సాయంకాలం నడకకు బయలుదేరేటప్పుడు మా గేటు వద్ద ఆగి, "ఏమయ్యా, ఈ వారం ఎన్ని వోల్టులు?" అని అడుగుతున్నారు. మొన్న ఆదివారం అంకె 12.6. ఆయన తల ఊపి, చేతికర్ర ఆనించుకుంటూ ముందుకు సాగిపోయారు.

వచ్చే సంచికలో టైర్లలో గాలిని గురించి తెలుసుకొందాము. సెలవు.